గాటు పెట్టిన పన్ను

నాకు సంతకం పెట్టడం వచ్చు. బస్సు మీద పలాస అని ఉంటే పలాస అని, టెక్కలి అని ఉంటే టెక్కలి అని పోల్చుకోవడం వచ్చు. అంతకు మించి చదువు లేదు. ఇదంతా నేను చెప్తూ ఉంటే మా మరిది కూతురు రాస్తోంది. మధ్యమధ్య కలం ఆపి, "పెద్దమ్మా, ఏటన్నావో తెలీనేదు" అంటుంది. తప్పు దానిది కాదు. గంప నెత్తిన పెట్టుకుని కాశీబుగ్గ వీధుల్లో చేపలు, చేపలు అని అరిచి అరిచి నా గొంతు సగం పోయింది. మిగతా సగం చుట్ట తినేసింది. మా ఒడ్డున నా ఈడు ఆడవాళ్లం చుట్టను నిప్పు నోట్లోకి పెట్టుకుని కాలుస్తాం. అడ్డపొగ అంటారు. సముద్రపు గాలికి ఆరిపోదు, గంప మోసేటప్పుడు నిప్పు చీర మీద పడదు. బొంగురు గొంతు మాత్రం మిగులుతుంది.

నేను చెప్పబోయేది మా బావ పన్ను సంగతి.

బావ అంటే మా ఆయనే. నాకు మేనమామ కొడుకు. పెళ్లికి ముందూ బావే, పెళ్లయ్యాకా బావే. ఇంకో పిలుపు నా నోటికి ఎప్పుడూ రాలేదు. పాలు తాగే వయసు దాటిన దగ్గర్నుంచీ సముద్రం మీదే బతికిన మనిషి. కిడ్నీలు పాడయ్యాయని తెలిశాక ఒడ్డున కూర్చున్నాడు. మా ఉద్దానం ఊళ్లల్లో ఈ జబ్బు గురించి ఒకరికొకరు విడమరచి చెప్పుకోవక్కర్లేదు. కొబ్బరి తోటల్లో పనిచేసేవాళ్లకీ వస్తుంది, పడవ మీద వెళ్లేవాళ్లకీ వస్తుంది. నీళ్లంటారు, ఎండంటారు, ఇంకేదో అంటారు. ఎందుకొస్తుందో మా వాళ్లకి ఇంతవరకూ ఎవరూ తేల్చి చెప్పలేదు.

రోజు విడిచి రోజు పలాస వెళ్లి రక్తం శుభ్రం చేయించుకుని రావాలి. అందుకోసం ఎడమ చేతి నరాలు రెండు కోసి ఒకదానితో ఒకటి కలిపారు. ఆ చోట అరచెయ్యి వేస్తే లోపల గుయ్యిమని మోగుతుంది. తుమ్మెదని మూసిపెట్టినట్టు ఉంటుంది. ఆ మోత ఉన్నంతవరకూ నరం పనిచేస్తున్నట్టే అని అక్కడి నర్సమ్మ చెప్పింది. పొద్దున్నే లేవగానే చెయ్యి వేసి చూడడం నా పని అయింది. ఆ చేత్తో బరువెత్తకూడదు. తాడు చుట్టుకోకూడదు. గట్టిగా ఏదీ లాగకూడదు.

తాడు లాగని చెయ్యి మా వాళ్లకి ఎందుకు? బావ ఆ మాట బయటికి అనలేదు. అరుగు మీద కూర్చుని సముద్రం కేసి కాకుండా గోడ కేసి చూసేవాడు. అలా చాలాకాలం చూశాడు.

సముద్రంలో చేపల వేట మీద నిషేధం పెట్టిన నెలల్లో మా మరిది కొత్త వల కొన్నాడు. కొన్న వల అంటే వలంతా తయారుగా రాదు. నైలాను కన్నులు, అంటే వల గళ్లు, మాత్రం గుడ్డలాగ మడతపెట్టి వస్తాయి. దానికి పైన తేలడానికి బెండ్ల తాడు, కింద మునగడానికి సీసం తాడు కట్టుకోవాలి. కన్నులు లెక్కగా పోగేసి, తాడుకి దారంతో ముడేసి, బిగించి, కొసని కొరికెయ్యాలి. మళ్లీ ఇంకో ముడి. తాడు పొడవునా అదే పని. ముడి వదులైతే సముద్రంలో వల తాడు మీద జారిపోతుంది.

మా మరిది ఆ మడతలన్నీ తెచ్చి బావ ముందు పడేశాడు.

"అన్నా, ఇది నువ్వే కట్టాల."

"ఒక సెయ్యితో ఎలగ కడతాన్రా?"

"నాకు రెండు సేతులున్నాయి, అయినా నీ ముడి నాకు రాదు. ఏటి సెయ్యమంటావు? వేట తెరిసే ఏలకి అయిపోవాల."

అని వెనక్కి తిరిగి చూడకుండా వెళ్లిపోయాడు. మంచి పని చేశాడు. ఉండి బతిమాలి ఉంటే బావ కాదనేవాడు.

బావ ఎడమ చేతిని ఒళ్లో పెట్టుకుని, కుడిచేత్తో ముడేసి, దారం కొసని పళ్లతో పట్టి లాగి బిగించేవాడు. పళ్లు ఆయనకి రెండో చెయ్యి అయ్యాయి. అదేమీ కొత్త కాదు. చిన్నప్పట్నుంచీ దారం కొరికి కొరికి ఆయన పై పన్ను ఒకదానికి కొసన చిన్న గాటు పడింది. దారం అందులోనే వచ్చి కూర్చునేది. కుట్టుసూదికి బెజ్జం ఉన్నట్టు ఆయన నోటికి ఆ గాటు. ఆ వల పట్టుకున్నాక అన్నం కొంచెం ఎక్కువ తినేవాడు. మా ఇంటి ముందునుంచి వెళ్లేవాళ్లని ఆపి మరీ కబుర్లు చెప్పేవాడు. గోడ కేసి చూడడం మానేశాడు.

ఒకరోజు ఆ గాటు పన్నే విరిగింది. చిగుళ్ల దాకా పోయింది. పళ్లెంలో బియ్యం ఏరుతున్న నా దగ్గరికి వచ్చి అరచేతిలో ముక్క చూపించాడు. నొప్పి అని అనలేదు.

"వల ఇంకా సగం కూడా అవ్వనేదే" అన్నాడు.

పక్క పళ్లతో పట్టబోతే దారం జారిపోయేది. కుడి చేత్తోనే మెలితిప్పి బిగించబోతే ముడి వదులు. ఒక పూటంతా చేసిన పని సాయంకాలం కూర్చుని తనే విప్పేశాడు. మర్నాడు మళ్లీ గోడ కేసి తిరిగాడు. అది చూసి నేనే బలవంతంగా కాశీబుగ్గ తీసుకెళ్లాను. పన్ను అందానికి కాదు. ఆ గోడ కేసి చూడకుండా ఉండడానికి.

కాశీబుగ్గలో మందుల కొట్టు మీద మేడలో ఒక పళ్ల డాక్టరమ్మ ఉంది. టెక్కలి పక్క పిల్ల. నా దగ్గర చేపలు కొనేది. నన్ను అత్తా అని పిలిచేది, బావని మావయ్యా అంది.

"ఎలా విరిగింది మావయ్యా?"

"దారం కొరికితేనమ్మా."

"దారమా? ఏం దారం?"

"వల దారం. నైలాను."

"ఇంట్లో కత్తెర లేదా?"

"కత్తెర పట్టుకోడానికి ఇంకో సెయ్యి కావాల కదమ్మా. నాకు ఒకటే మిగిలినాది. రెండోది ఆసుపత్రోళ్లది."

ఆ పిల్ల నవ్వి, చేతి మీద మచ్చ చూసి నవ్వు ఆపేసింది. పలాస డాక్టరు దగ్గర ఒక మాట అడిగి రమ్మంది. రక్తం శుభ్రం చేసిన రోజు పని పెట్టుకోకూడదంది, మర్నాడు రమ్మంది. నొప్పి మాత్రలు కొట్లో కొని మింగొద్దని నాకు రెండుసార్లు చెప్పింది. లోపల దవడ పన్నులో నల్లటి సిమెంటు చూసి, "ఇదెప్పటిది?" అంది. మా పెళ్లైన కొత్తలో టెక్కలిలో పెట్టించిన వెండి సిమెంటు అది. ఇప్పుడు ఎక్కువమంది అది పెట్టడం లేదంట, పన్ను రంగులోనే కలిసిపోయే సరుకులు వచ్చాయంట. అయినా అది గట్టిగానే ఉంది, దాన్ని కదపనంది.

పన్ను లోపలి నరం తీసి శుభ్రం చెయ్యడానికి కొన్నిసార్లు వెళ్లాం. తర్వాత ఒకరోజు పన్ను వేరులో దిగేసే పుల్ల చూపించింది. సన్నగా, తెల్లగా, గాజు మెరుపుతో ఉంది. పూర్వం ఇనుప పుల్లలు పెట్టేవారంట. ఇప్పుడు గాజు నూలుని జిగురులో ముంచి చేసినవి వచ్చాయంట. ఇనుములాగ మొండిగా ఉండదు, పన్నుతోపాటు కొంచెం వంగుతుంది, వేరు పగలదు అంది.

బావ ఆ పుల్లని వేళ్ల మధ్య పెట్టుకుని వెలుగులో చూశాడు.

"ఇది మా బోటు సరుకే కదమ్మా!"

"బోటా?"

"మా ఫైబర్ బోటు. కర్ర తెప్పలు పోయినాక ఇయ్యే కదా ఒచ్చినాయి. గాజు పీచు పరిసి, జిగురు పూసి, మందు కలిపితే గట్టిపడతాది. తగిలి పగిలితే మేమే అతుకేసుకుంటాం."

"అచ్చం అదే మావయ్యా. జిగురు రకం వేరు, అంతే."

పుల్ల మీద తెల్లటి ముద్ద పేర్చి పన్ను ఆకారం చేసి, నీలం దీపం పట్టింది. అది చూసి బావ నోరు తెరిచే ఉంచి ఏదో గొణిగాడు. దీపం తీశాక, "మేం ఎండలో ఆరబెడతాం, మీరు లైటులో ఆరబెడతన్నారు" అన్నాడు. అద్దంలో చూసుకుని నాకేసి తిరిగి పళ్లు ఇకిలించాడు.

"డాక్టరమ్మా, దీని నోరు కూడా సూడండి. నిప్పు మింగుతాది."

"ఏదీ అత్తా, ఓసారి తెరువు."

"నా నోటికేటయ్యింది? ఆయన్ది సూడండి ముందు" అని మూతి బిగించుకున్నాను.

ఆ రోజు ఆ పిల్ల చెప్పింది ఒక్కటే మాట. దీనితో దారం కొరకొద్దు. ఇది ఆకారానికి కట్టింది, మీద గట్టి తొడుగు వేసేదాకా ముందరి పళ్లతో ఏదీ పట్టొద్దు. బావ తలూపాడు. నేనూ విన్నాను.

ఇంటికి వచ్చాక వల ముందు కూర్చున్నాడు. ముడేశాడు. దారం నోట్లోకి వెళ్లిపోయింది. ఆయన పెట్టలేదు, అదే వెళ్లింది. ఇన్నేళ్లు చేసిన పనికి డాక్టరు మాట అడ్డొస్తుందా? కటుక్కుమన్న చప్పుడు నాకు పొయ్యి దగ్గరికి వినిపించింది. పరిగెత్తి వెళ్తే తెల్లముక్క ఇసకలో పడుంది. మా ఒడ్డున వల పని చేసేవాడు ఎవడైనా ఇదే తప్పు చేస్తాడు.

డాక్టరమ్మ కోప్పడలేదు. చూసి, "పుల్ల నిలిచింది. వేరు నిలిచింది. బతికాం" అంది. ఇక జిగురు పన్ను కాదు, మిషను మీద చెక్కిన తొడుగే వెయ్యాలంది. పూర్వం అయితే నోట్లో మెత్తటి ముద్ద పెట్టి అచ్చు తీసేవారంట. బావకి అసలే ఎప్పుడూ కడుపులో తిప్పుతూ ఉండేది. ముద్ద పెడితే అక్కడే కక్కేసేవాడు. ఇప్పుడు ఆ బాధ లేదంది. వేలంత లావు కర్రలాంటిది నోట్లో అటూ ఇటూ తిప్పింది. అంతే, ఎదురుగా టీవీలో బావ నోరు వచ్చింది. చిగుళ్ల ఎరుపు, పళ్ల మధ్య తమలపాకు మరక, టెక్కలి వెండి సిమెంటు, అన్నీ ఉన్నాయి. వేలితో తిప్పితే తిరిగింది.

"నా నోరే అది?" అన్నాడు బావ. "నాను ఇంత పెద్దగా తెరిసినానేటి?"

"తిండికి ఎప్పుడూ తెరుత్తావు కదా" అన్నాను.

ఈ బొమ్మ తీగల మీద విశాఖపట్నం వెళ్తుందంట. అక్కడ తెల్లటి పొడిని సుద్దదిమ్మలాగ నొక్కి ఉంచుతారంట. అందులోంచి మిషను పన్నుని చెక్కుతుంది. చెక్కిన పన్ను అసలు కొలత కంటే పెద్దదిగా ఉంటుంది. కొలిమిలో కాల్చాక ముడుచుకుని సరైన కొలతకి వస్తుంది. పచ్చికుండ కాలితే చిన్నదైనట్టే. కాలాక దాన్ని సుత్తి పెట్టి కొట్టినా అంత సులువుగా పగలదంది. జిర్కోనియా అంది. ఆ మాట బావ నోరు తిరగక జిరక అనేవాడు, నేనూ జిరక అనే అంటాను.

రంగు చూడడానికి చిన్న చిన్న పళ్లున్న కట్ట తెచ్చి ఒక్కొక్కటీ ఆయన పక్కపన్నుకి ఆనించి చూసింది. "తెల్లదానికి కొంచెం దూరంగానే వెళ్దాం మావయ్యా. మరీ తెల్లగా పెడితే కాకుల్లో కొంగలా ఉంటుంది."

అప్పుడు బావ అడిగాడు.

"మరి గాటు?"

"ఏ గాటు?"

పోయిన పన్నుకి ఉన్న గాటు సంగతి చెప్పాడు. దారం కూర్చునే చోటు. అది కొత్తదానికీ పెట్టమన్నాడు.

"ఇది చాలా గట్టిది మావయ్యా. నువ్వు ఎన్నేళ్లు కొరికినా దీనికి గాటు పడదు."

"అందుకే ముందే ఎట్టమంతన్నాను."

"పెడితే నువ్వు మళ్లీ కొరుకుతావు. పన్ను విరగదు. కింద వేరు విరుగుతుంది. వేరు నీదే కదా, అది పాతదే."

బావ నాలికతో ఆ ఖాళీ తడుముకున్నాడు. తర్వాత అన్నాడు, "కొరకను. బ్లేడెట్టి కోసుకుంతాను. కానీ నా నాలిక రోజంతా అక్కడికే ఎల్తంది డాక్టరమ్మా. గాటు కోసం ఎతుకుతాది. లేకపోతే అది నా నోరనిపించదు. దారం పెట్టకపోయినా పరవానేదు, అది ఉండాల."

ఆ పిల్ల ఆయన కేసి చూసి, కుర్చీ తిప్పుకుని టీవీలో కొత్త పన్ను బొమ్మ తీసి, కొసన చిన్నగా నొక్కింది. "ఇంత చాలా?"

"ఇంకొంచెం కుడి పక్కకి."

"ఇక్కడ?"

"అక్కడే."

పన్ను రావడానికి కొన్ని రోజులు పడుతుందంది. ఆ రోజులు నాకు మిగిలినవి. వాటిని చెప్పకుండా ఈ సంగతి చెప్పలేను.

ఇంటికొచ్చిన మర్నాడు వల దగ్గర కూర్చుని నన్ను పిలిచాడు. "ఏటే, ఇలగ రా. నీ పళ్లు కొంచెం అప్పియ్యి."

వెళ్లి ఎదురుగా కూర్చున్నాను. ముందు చుట్ట తీసి దూరంగా ఆర్పమన్నాడు. నైలాను మీద ఒక్క రవ్వ పడితే కన్ను కన్నంతా కరిగిపోతుంది. తను కుడిచేత్తో ముడేసి దారం కొస నా నోటికి అందించేవాడు. నేను పళ్లతో పట్టి వెనక్కి లాగాలి. తను ముడి మీద బొటనవేలు పెట్టి చూసి, చాలు అనగానే కొరికెయ్యాలి. మళ్లీ ముడి. మళ్లీ నా నోరు.

"కుక్కపిల్ల గుడ్డ పీకినట్టు పీకకే. నిదానంగా లాగు."

"నీకు సాకిరీ సేస్తన్నందుకు కుక్కనయ్యానా?"

"నీ నోట్లోంచి చుట్ట కంపు దారానికి పట్టింది. ఈ వలకి సేపలు పడవు."

"సేపలకి చుట్ట ఇట్టమే."

అలా నవ్వుకున్నాం. మా కాపురంలో అంత దగ్గరగా మొహాలు పెట్టుకుని పగటి వెలుగులో అంతసేపు ఎప్పుడూ కూర్చోలేదు. ఆయన సముద్రంలో, నేను బజారులో. ఇంటికి వచ్చేసరికి ఇద్దరికీ ఒళ్లు హూనం. దారి వెంట వెళ్లే ఆడవాళ్లు చూసి, "ఓలమ్మా, కొత్త పెళ్లికూతురుకి మొగుడు పాయసం తినిపిస్తన్నాడు" అని ఎగతాళి చేసేవారు. బావ తలెత్తకుండానే, "నీకూ కావాలా?" అనేవాడు.

ముడి బిగిసిందో లేదో నా పళ్లకి తెలిసేది కాదు. ఆయన బొటనవేలికే తెలిసేది. ఆయన చాలంటే చాలు.

పన్ను ఇంకా రాలేదు, ఆ రోజు పలాస వెళ్లే రోజు. పొద్దున్నే ముడులు వేసి లేచాం. ఆటో ఎక్కాం. జీడితోటల మధ్య దారి. ముందురోజు నుంచే ఆయనకి ఆయాసంగా ఉంది. నీళ్లు కొలతగానే ఇచ్చాను, అయినా కాళ్లు ఉబ్బాయి. ఆటోలో నా భుజం మీద తల పెట్టుకుని, "దారం సుట్టిన కండి ఎండలో ఒగ్గీసినామే" అన్నాడు. "ఎండకి పాడైపోతాది. తమ్ముడికి ఫోన్ సేసి లోపల ఎట్టమని సెప్పు."

"సెప్తాన్లే బావా."

"ఇప్పుడు సెప్పు."

నాకు ఫోన్ చెయ్యడం సరిగ్గా రాదు. ఆటో అతన్ని అడుగుదామని ముందుకి వంగాను. నా రెండో చెయ్యి బావ ఎడమచేతి మీదే ఉంది. రోజూ పెట్టేదే. అరచేతి కింద గుయ్యిమని మోగుతోంది. మోగుతోంది. ఆగిపోయింది.

ఆటో శబ్దం వల్ల తెలియడం లేదేమో అనుకున్నాను. ఆటో ఆపించాను. ఆపినా మోగలేదు.

ఇక ఆ రోజు సంగతి నేను చెప్పను. రాసే పిల్ల కూడా కలం పక్కన పెట్టేసింది.

దినాలు కాకముందే కాశీబుగ్గ నుంచి ఫోన్ వచ్చింది. మరిది ఎత్తాడు. విని, నా దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. "వదినా, పన్ను ఒచ్చిందంట."

ఇంట్లో ఉన్న చుట్టాలు అందరూ విన్నారు. ఒకామె పళ్లెం పడేసింది.

మరిది నేను వెళ్లి తెస్తానన్నాడు. వద్దన్నాను. ఆ నెల పోనిచ్చి నేనే వెళ్లాను. బొట్టు లేని మొహంతో ఆ మేడ మెట్లెక్కితే డాక్టరమ్మ పేషెంటుని కుర్చీలో వదిలేసి బయటికి వచ్చి నా చేతులు పట్టుకుంది. ఫోన్ చేసినందుకు తప్పు పట్టొద్దంది. నాకు తప్పేమీ కనపడలేదు. దానికేం తెలుసు?

లోపల నుంచి చిన్న డబ్బా తెచ్చింది. అందులో పసుపుపచ్చ ప్లాస్టిక్‌తో చేసిన పళ్ల వరస ఉంది. బావ పై పళ్ల వరస. ఆ టీవీ బొమ్మ చూసి అక్కడి మిషను పొరలు పొరలుగా పోసి చేసిందంట. వరసలో ఒకే ఒక్క పన్ను రంగు వేరు. అది జిరక పన్ను. ప్లాస్టిక్ పళ్ల మధ్య అదొక్కటే అసలు పన్నులా ఉంది. పక్కనున్న పళ్ల మరక రంగు కూడా వేశారు. కొసన గాటు ఉంది. కొంచెం కుడి పక్కకి.

నా చేతిసంచిలో ఎప్పుడూ నైలాను ముక్క ఒకటి ఉంటుంది. తీసి ఆ గాటులో పెట్టాను. కూర్చుంది.

"ఇది ఇంకెవరికైనా పనికొస్తాదా అమ్మా?"

"రాదత్తా. మావయ్యకి తప్ప ఎవరికీ పట్టదు."

"కరిగించి ఇంకోటి సెయ్యరా?"

"కరగదు."

"కాలిస్తే?"

"కాలదు. కొలిమిలో కాలే వచ్చింది కదా."

కాలి గట్టిపడింది అది. బావ కాలితే చిన్న కుండలోకి వచ్చాడు. దాన్నీ మరిది తీసుకెళ్లి సముద్రంలో కలిపేశాడు.

"ఆ రోజు టీవీలో సూపించినావు కదా, ఆయన నోరు. తుడిసేసినారా?"

డాక్టరమ్మ కుర్చీలో ఉన్న పేషెంటుకి ఒక్క నిమిషం అని చెప్పి, టీవీ పెట్టింది. వచ్చింది. తమలపాకు మరక. చిగుళ్లు. వెండి సిమెంటు. బావకి ఆధార్ కార్డు మీద ఒక ఫొటో ఉంది. అందులో నోరు మూసుకుని, జైలుకెళ్లే మనిషిలా ఉన్నాడు. మా పెళ్లికి ఫొటోలు తియ్యలేదు. నోరు తెరిచిన బావ ఆ ఒక్కచోటే ఉన్నాడు. నేను చెయ్యెత్తితే ఆ పిల్ల అర్థం చేసుకుని, నా వేలు పట్టుకుని ఎలా తిప్పాలో చూపించింది. తిప్పాను. అటు, ఇటు. మొహం లేదు, కళ్లు లేవు, అయినా ఆయనే. ఇంకొకరి నోరు చూపించి ఇది బావది అంటే నేను ఒప్పుకునేదాన్ని కాదు.

"ఎన్నాళ్లుంటాది ఇందులో?"

"తీసేదాకా ఉంటుందత్తా."

"తియ్యకమ్మా."

"తియ్యను."

ఇంటికొచ్చేసరికి మరిది అరుగు మీద వల ముందేసుకుని కూర్చున్నాడు. వేట తెరవడం దగ్గరికొచ్చింది. తాడు కొస దగ్గర కట్టాల్సింది ఇంకా మిగిలి ఉంది. నన్ను చూసి లేచాడు, ఏదో తప్పు చేస్తూ దొరికినట్టు.

"ఎవులిచేతనైనా కట్టించేస్తాను వదినా. బోటు ఆగదు కదా."

"ఇటియ్యి. నాను కడతాను."

"నీకు ఆ ముడి రాదు."

"దగ్గర కూకుని సూసినాను కదా."

చూడడం వేరు, వెయ్యడం వేరు. అది నాకూ తెలుసు. కానీ మిగిలిన ముక్కలో ఇంకొకరి చెయ్యి పడడం నాకు ఇష్టం లేకపోయింది. నేనే ముడేశాను, నేనే దారం పళ్లతో పట్టి లాగాను. చాలు అనేవాళ్లు లేరు. ఎప్పుడు ఆపాలో తెలిసేది కాదు. ఒక్కోచోట పళ్లు నొప్పెట్టేదాకా లాగాను, ఒక్కోచోట భయపడి తొందరగా కొరికేశాను. పన్ను డబ్బా పక్కనే పెట్టుకున్నాను. మూత తియ్యలేదు.

ఆ పన్నుని సీసం గుళ్లతో పాటు వలకి కట్టేద్దామా అని మరిది ఒకసారి అన్నాడు. అన్న సముద్రం మీదికి వచ్చినట్టు ఉంటుందని. ప్రేమతోనే అన్నాడు. ఒద్దన్నాను. అది ఆయన నోట్లోకి రావలసింది, నీళ్ల అడుక్కి కాదు.

వేట తెరిచిన రోజు వల బోటులోకి ఎక్కింది. విధవ మొహం ఎదురు రాకూడదంటారు కాబట్టి నేను ఇంటి వెనకే ఉండిపోయాను. మోటారు చప్పుడు దూరమయ్యేదాకా విన్నాను.

తిరిగొచ్చాక మరిది వల భుజాన వేసుకుని సరాసరి మా ఇంటికి వచ్చాడు. చేపలు బాగానే పడ్డాయి. అరుగు మీద వల పరిచి, తాడు వెంట వేలు పెట్టుకుంటూ వెళ్లాడు.

"ఇక్కడిదాకా అన్న ఒక్కడే కట్టినాడు. ఇక్కడ్నించి మీ ఇద్దరూ. సూడు, ఒక్క ముడి కదల్లేదు." ఇంకా ముందుకెళ్లి ఆగాడు. అక్కడ కన్నులు తాడు మీద జారి ఒకచోట కుప్ప పడ్డాయి. ఒక మూరెడు ఊడి వేలాడుతోంది. "ఇది నీ ముక్క వదినా."

నాకు తెలుసు. చెయ్యి పెట్టకుండానే తెలుసు.

"ఎవులిచేతనైనా కట్టిద్దునా?"

"ఒద్దు. దారం ఏదీ?"

"లోపల ఎట్టినాను. ఎండకి పాడైపోతాది కదా."

తెచ్చి ఇచ్చాడు. చుట్ట ఆర్పి దూరంగా పెట్టి, వదులైన ముడులన్నీ విప్పడం మొదలుపెట్టాను. మరిది ఎదురుగా కూర్చుని, నేను వేసిన ముడి మీద తన బొటనవేలు పెట్టాడు. నేను దారం నోట్లోకి తీసుకుని లాగాను.

"ఇంకా" అన్నాడు.

లాగాను.